జ్వరం తగ్గింది, జబ్బు తగ్గలేదు

విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కుక్కల్ని పెంచుకునేవాళ్లు, పశువైద్య విద్యార్థులు కలిసిన సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం.

అందరికీ నమస్కారమండీ. వేదిక మీదున్న డాక్టరుగార్లకి, గరివిడి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన వెటర్నరీ కాలేజీ పిల్లలకి, ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ.

సూటిగా విషయంలోకి వచ్చేస్తాను. మన విశాఖలో వానలు మొదలయ్యాయంటే ఏ వీధిలో చూసినా ఒకటే మాట వినపడుతుంది. "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అని. కూరగాయలమ్మే ఆవిడకి తెలుసు, ఆటో నడిపే కుర్రాడికి తెలుసు. పిల్లాడికి మూడు రోజులైనా జ్వరం దిగకపోతే ఎవరూ చెప్పక్కర్లేదు, మనమే రక్తపరీక్షకి పట్టుకెళ్తాం. డెంగీ దెబ్బలు తిని తిని నేర్చుకున్న చదువు అది. అదే ఇంట్లో, అదే వానాకాలంలో కుక్కకి జ్వరమొస్తే మాత్రం ఓ ఇంజక్షన్ చేయించి తీసుకొచ్చేస్తాం. కుక్కకీ ప్లేట్‌లెట్లు ఉంటాయి. కుక్కకీ అవి పడిపోతాయి. అక్కడ దోమ, ఇక్కడ గోమారి, అదే కుక్క ఒంటికి పట్టి రక్తం తాగే పిడుదు. మా కుక్క చుక్క దానివల్లే పోయింది. పోవలసిన అవసరం లేకుండా పోయింది. అందుకే ఈ మైకు ముందుకొచ్చాను.

చుక్క మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్‌లో, మా ఆయన స్నేహితుడి ఇంటి పెరట్లో పుట్టింది. తల్లి నాటు కుక్క. తండ్రెవరో ఎవరికీ తెలీదు. గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. ఆ మచ్చ చూసి మా అత్తయ్యగారు చుక్కమ్మ అన్నారు, అదే పేరైపోయింది. అత్తయ్యగారికి మడి ఎక్కువ. వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. చుక్క కూడా ఎప్పుడూ దాటలేదు. గడప మీద గడ్డం ఆనించి పడుకుని ఆవిడ కూర తరుగుతుంటే చూస్తూ ఉండేది. క్యారెట్ తోకలు, బీన్స్ చివరలు ఇటు పడేసేవారు. మనుషులతో పెద్దగా మాట్లాడని ఆవిడ ఆ గడప దగ్గర కూర్చుని దానితో పూటంతా మాట్లాడేవారు. ఊళ్లో చిన్నప్పటి సంగతులు, పోయినవాళ్ల సంగతులు. నాకు తెలియని మా ఇంటి చరిత్ర సగం చుక్కకి తెలుసు.

అది చనిపోయిన సంవత్సరం సంగతి చెప్తాను. వేసవి చివర్లో దాని ఒంటి మీద గోమార్లు కనపడ్డాయి. వేళ్ల సందుల్లో, చెవి మడతల్లో, తోక మొదట్లో. తీసేవాళ్లం, మళ్లీ వచ్చేవి. వానలు పడ్డాక ఓ రోజు అన్నం ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పేరు చెప్పను, క్లినిక్ ఎక్కడో కూడా చెప్పను. దయచేసి తర్వాత వచ్చి అడగొద్దు. థర్మామీటర్ పెట్టారు, నూట నాలుగుంది. "గోమార్లు బాగా పట్టేయండీ" అని నేనే చెప్పాను. "పౌడర్ రాస్తాను, చల్లండి" అన్నారు. రెండు ఇంజక్షన్లు చేసి లివర్ టానిక్ రాశారు. మర్నాటికి జ్వరం లేదు. చుక్క లేచి పెరుగన్నం తింది. మా అత్తయ్యగారు ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టించారు.

వారం తిరక్కుండా మళ్లీ అదే. మళ్లీ వెళ్లాం, మళ్లీ ఇంజక్షన్. మళ్లీ రెండు రోజులు బాగుంది. ఈసారి "వాతావరణం మారింది కదా, వైరల్ ఫీవరు" అన్నారు. ఆ తర్వాతిసారి "వేడి చేసింది, మజ్జిగ పట్టించండి" అన్నారు. రక్తం తియ్యలేదు. పెదవి ఎత్తి చిగుళ్లు చూడలేదు. మా దగ్గరున్న కాగితాల్లో మందుల పేర్లున్నాయి. జబ్బు పేరు ఒక్క కాగితంలోనూ లేదు.

ఈ ఒక్క ముక్క కాస్త గట్టిగా పట్టుకోండి. జ్వరం తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఆ ఇంజక్షన్లలో ఒకటి డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్. స్టెరాయిడ్ పడితే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, నీరసంగా ఉన్న కుక్క లేచి తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు నయమైందనుకుంటారు, డాక్టరూ నయమైందనుకుంటాడు. లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. స్టెరాయిడ్‌కి దాని చోటు దానికుంది. ఈ జబ్బులోనే కొన్నిసార్లు డాక్టర్లు తెలిసి, లెక్క చూసుకుని వాడతారు. జబ్బేమిటో తేల్చకుండా వాడితే అది లక్షణాల్ని మాత్రమే దాచేస్తుంది.

ఓ రాత్రి ముక్కులోంచి రక్తం కారింది. హాలులో తెల్ల టైల్స్ మీద అక్కడో బొట్టు ఇక్కడో బొట్టు. చుక్క తుమ్మినప్పుడల్లా గోడ మీద చిందింది. గుడ్డ తడిపి అదిమిపెట్టినా ఆగలేదు. మా అబ్బాయి స్నేహితుడు చెప్పిన ఇంకో క్లినిక్‌కి ఆ రాత్రే పరిగెత్తాం. అక్కడున్నది చిన్న వయసు డాక్టరమ్మ. చుక్కని బల్లమీద పడుకోబెట్టి మొట్టమొదట పై పెదవి ఎత్తింది. చిగుళ్లు గులాబీరంగులో ఉండాలి కదా, కాగితంలా పాలిపోయి ఉన్నాయి. వాటిమీద గసగసాలంత ఎర్రచుక్కలు. పొట్ట దగ్గర వెంట్రుకలు పక్కకి తప్పించి చూపించింది, అక్కడా ఉన్నాయి. "ఎప్పటినుంచి ఉన్నాయండీ గోమార్లు?" అని అడిగింది. ఇంకేమీ అడక్కముందే.

రక్తం తీసి కొంత మిషన్‌లో పెట్టింది, ఒక బొట్టు గాజుపలక మీద పరిచింది. దీన్నే స్మియర్ అంటారు. రంగు వేసి, కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టింది. నేను జంతుశాస్త్రం చెప్పినదాన్నని తెలిసి, "మేడమ్, మీరూ చూడండి" అంది. పాతికేళ్లు పిల్లలకి రక్తం స్లైడ్లు చూపించినదాన్ని నేను. ఎర్రకణాల మధ్య ఊదారంగులో చిన్నచిన్న నలుసులు కనపడాలి. అవే ప్లేట్‌లెట్లు. నూనె చుక్క వేసి చూసే పెద్ద లెన్సు కింద, ఆరోగ్యంగా ఉన్న కుక్కకైతే కనపడే ప్రతి చోటా పదో పదిహేనో ఉంటాయి. ఒక్కటి కనపడితే సుమారు 15 వేలని లెక్క వేసుకుంటారు. ఆ అమ్మాయి స్లైడు జరుపుతోంది, నేను చూస్తున్నాను. లేవు. ఇంకొంచెం జరిపింది. ఒకటి. ఇంకా జరిపింది. లేవు. ఎర్రకణాలే పల్చగా ఉన్నాయి. తెల్లకణం కోసం వెతుక్కోవలసి వచ్చింది.

మిషన్ రిపోర్టు కూడా అదే చెప్పింది. ప్లేట్‌లెట్లు 18 వేలు. మామూలుగా కుక్కకి దాదాపు రెండు లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉండాలి. హిమోగ్లోబిన్ నాలుగు చిల్లర, పన్నెండు పైన ఉండాల్సింది. తెల్లకణాలూ పడిపోయాయి. రెండు బొట్లు వేసి చూసే కిట్ ఒకటుంది. అందులో గీత వచ్చింది. ఎర్లీకియా. "మూడూ కలిసి పడిపోయాయంటే ఎముకల్లో మూలుగ దెబ్బతిందండీ, ఇది ఈ వారం వచ్చింది కాదు" అంది. అంతకుముందు ఎప్పుడైనా జ్వరం వచ్చిందా అని అడిగింది. వచ్చింది. ముందటేడు దీపావళికి ముందు వచ్చింది, ఇంజక్షన్‌కి తగ్గిపోయింది. ఆ కాగితం కూడా నా సంచీలోనే ఉంది.

ఎర్లీకియా కేనిస్ అనేది చాలా చిన్న బాక్టీరియా. తెల్లకణాల్లోనే దూరి కూర్చుంటుంది. కుక్కలకి పట్టే గోధుమరంగు గోమారి దాన్ని మోసుకొస్తుంది. కుక్కనుంచి కుక్కకి మామూలుగా నేరుగా అంటుకోదు, మధ్యలో గోమారి ఉండాలి. కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం వస్తుంది. కళ్లు పుసులు కడతాయి, గ్రంథులు వాస్తాయి, తిండి మానేస్తుంది. ఇది మొదటి దశ. కొన్ని కుక్కలకి ఈ దశ దానంతటదే దాటిపోతుంది, లేదా ఏదో ఇంజక్షన్‌కి దాటిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాతది అసలు ప్రమాదం. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కుక్క పైకి నిక్షేపంగా ఉంటుంది. ఆడుతుంది, తింటుంది, కాలింగ్ బెల్ కొడితే మొరుగుతుంది. బాక్టీరియా లోపలే ఉంటుంది. కొన్ని కుక్కల్లో మూడో దశ వస్తుంది. మూలుగ పనిచెయ్యడం మానేస్తుంది. అప్పుడు రక్తం తయారవదు, కారిన రక్తం గడ్డకట్టదు.

మొదటి దశలో దొరికితే మందేమిటో తెలుసా? డాక్సీసైక్లిన్. మనం కూడా వేసుకునే మాత్రే, ఏ మందులషాపులోనైనా దొరికేదే. 28 రోజులు, ఒక్క రోజు మానకుండా. చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లోనే లేచి తిరుగుతాయి. అక్కడే చాలామంది మందు ఆపేస్తారు, ఆపకూడదు. అలాగని ఈ సభ నుంచి వెళ్తూ దారిలో కొనేసి మీ కుక్కకి వేసెయ్యకండి. మోతాదు బరువునిబట్టి డాక్టరు లెక్కకట్టాలి. మాత్ర ఉత్తగా మింగిస్తే గొంతు గొట్టంలో ఇరుక్కుని పుండు చేస్తుంది, అన్నంతో పెట్టి వెనక నీళ్లు పట్టించాలి. పైగా గోమారి మోసుకొచ్చేది ఇదొక్కటే కాదు. బబీసియా అని ఎర్రకణాల్లో దూరే పరాన్నజీవి ఇంకోటుంది. దానికి ఉత్త డాక్సీసైక్లిన్ చాలదు, మందులు వేరు. రెండూ ఒకేసారి పట్టుకున్న కుక్కలూ ఉంటాయి. అందుకే "టిక్ ఫీవర్", అంటే గోమారి జ్వరం, అని గంపగుత్తగా అనేస్తే సరిపోదు, ఏ జ్వరమో తేల్చాలి.

ఇవేవీ నిన్న మొన్న బయటపడ్డ జబ్బులు కావండీ. బబీసియా గిబ్సోనై అనేదాన్ని 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త వర్ణించింది మద్రాసు వేటకుక్కల్లో. అప్పుడు మన విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అంటే ఇది మన నేల మీద, నూరేళ్లకి ముందే పేరు పెట్టించుకున్న జబ్బు. ఎర్లీకియాని 1935లో అల్జీరియాలో గుర్తించారు. అయినా 1960ల చివర్లో వియత్నాం యుద్ధానికి అమెరికా సైన్యం తీసుకెళ్లిన జర్మన్ షెపర్డ్‌లు వందల్లో పోయాయి. ముక్కులోంచి రక్తం కారి, చిక్కి శల్యమై. ఆ దెబ్బతోనే ప్రపంచం ఈ జబ్బుని గట్టిగా పట్టించుకుంది, డాక్సీసైక్లిన్ కూడా చేరే టెట్రాసైక్లిన్ వర్గం మందులు పనిచేస్తాయని రూఢి అయింది. జర్మన్ షెపర్డ్‌లకి ఈ జబ్బు మిగతావాటికంటే ఎక్కువ ముదురుతుందని అప్పుడే తెలిసింది. మన సీతమ్మధారలో, ఎంవీపీ కాలనీలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయి ఆ కుక్కలు! ఈ గదిలోనే ఎంతమంది పెంచుతున్నారో చేతులెత్తండి. చూశారా.

ఆ రాత్రి ఇంకేం జరిగిందో తొందరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు చెప్పలేను. రక్తం ఎక్కించాలంది డాక్టరమ్మ. కుక్కలకి కూడా రక్తం గ్రూపులుంటాయి. కాకపోతే మనకిలా వేరే గ్రూపు రక్తాన్ని ఎదిరించే గట్టి యాంటీబాడీలు వాటికి సహజంగా ఉండవు కాబట్టి మొదటిసారి ఎక్కించేది చాలావరకు ఇబ్బంది పెట్టదు. ఇచ్చే కుక్క పెద్దదై ఉండాలి, పాతిక కేజీలకి పైన, ఆరోగ్యంగా, టీకాలన్నీ పడి. అర్ధరాత్రి గోపాలపట్నం నుంచి ఒకాయన తన లాబ్రడార్‌ని స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని వచ్చారు. మాకు ముక్కూ మొహం తెలీదు ఆయన. ఆ లాబ్రడార్ బల్లమీద మెడ చాపి కదలకుండా పడుకుంది, ఆయన దాని చెవులు నిమురుతూ నిలబడ్డారు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఇవాళ ఈ సభలో వెనక వరసలో కూర్చున్నారు, నేను అటు చూడట్లేదు. చూస్తే మాట రాదు.

చుక్క మూడోనాడు తెల్లవారుజామున పోయింది. పద్మనాభం దగ్గర మా మామిడితోటలో పూడ్చాం.

అత్తయ్యగారు చాలా రోజులు వంటింట్లో కూర తరగలేదు. నన్ను తరగమనేవారు. చూడ్డానికొచ్చినవాళ్లలో కొందరు "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, నాకు తెలుసు. అయినా అలా అనకండి. ఎనభై దాటిన మనిషికి పొద్దంతా తోడున్న ప్రాణి అది. నాకు ఇంకో బాధ కూడా ఉంది. వయసైపోయి పోయిందనుకోడానికి లేదు, మందులేని రోగమనుకోడానికి లేదు. మందుంది, పరీక్ష ఉంది, అడిగితే చెప్పే లక్షణాలున్నాయి, లక్షణాలు చెప్పిన మనుషులమూ ఉన్నాం. వీటన్నిటినీ ఒకచోట కలపవలసిన పది నిమిషాలు ఎవరూ పెట్టలేదు. ఆ దుఃఖం వేరు. కుక్కని పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఎవరికి వాళ్లకి తెలుస్తుంది నేనేమంటున్నానో.

ఫిర్యాదు చెయ్యమని చాలామంది చెప్పారు. చెయ్యొచ్చు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఉంది. రిజిస్టరైన డాక్టరు నడవడి మీద రాష్ట్ర పశువైద్య మండలికి రాసుకోవచ్చు. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్లలోపు వెళ్లాలి. ఏదైనా సరే కాగితాలుండాలి. నిర్లక్ష్యం కళ్లకి కట్టినట్టున్న సందర్భాల్లో తప్పకుండా వెళ్లండి, వెనకాడకండి.

నేను మాత్రం రిపోర్టులన్నీ పట్టుకుని ఆ మొదటి డాక్టరుగారి దగ్గరికే వెళ్లాను. పేషెంట్లు అయిపోయేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. కాగితాలు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "పరీక్ష రాస్తే జనం రెండో క్లినిక్‌కి వెళ్లిపోతున్నారమ్మా. ఇంజక్షన్ చెయ్యకుండా పంపిస్తే డాక్టరుకి ఏమీ రాదంటారు" అన్నారు. "మేమలా అనలేదు కదండీ" అన్నాను. "మీరు అనలేదు" అన్నారు. సాకు చెప్పలేదు, దబాయించలేదు. "స్మియర్ చూడాల్సింది" అని మాత్రం అన్నారు. లేచి గేటు దాకా వచ్చారు.

ఆయన చెడ్డ డాక్టరని నేననను. మా కాలనీలో అర్ధరాత్రి ఆవు ఈనలేక ఇబ్బంది పడితే లుంగీ మీద పరిగెత్తుకొచ్చిన మనిషాయన. అయినా ఆ రోజు రక్తం చూడకపోవడం తప్పే. మంచి మనిషైనంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. మన పశువైద్యశాలలు పాడి పశువుల చుట్టూ పెరిగినవి. ఒకే పట్టా పుచ్చుకున్న డాక్టరు ఆవునీ, గేదెనీ, గొర్రెనీ, కోడినీ, కుక్కనీ కూడా చూడాలి. ఊళ్లో అపార్టుమెంట్లు లేచినంత వేగంగా వాటిలో కుక్కలూ పెరిగాయి. చూసే చేతులు, పరీక్ష చేసే గదులు అంత వేగంగా పెరగలేదు. ఇదంతా నిజమే. కానీ స్మియర్‌కి కావలసింది ఓ సూది, ఓ గాజుపలక, కాస్త రంగు, ఓ మైక్రోస్కోప్. అది మన ఇంటర్మీడియట్ కాలేజీ ల్యాబులో ఉండే సరంజామా. కోట్ల యంత్రం కాదు.

గరివిడి పిల్లలూ, మీతో ఒక మాట. రేపు మీ బల్ల ముందుకి జ్వరంతో కుక్కొస్తే సిరంజి తియ్యకముందే పెదవి ఎత్తండి. వేలితో చిగురు నొక్కి వదలండి, తెల్లబడింది రెండు సెకన్లలోపు ఎర్రబడాలి. పొట్ట చూడండి. చెవుల్లో, వేళ్ల మధ్య చూడండి. గోమారి ఇవాళ కనపడకపోవచ్చు, "ఈ మధ్య ఎప్పుడైనా ఉన్నాయా" అని అడగండి. మిషన్ ప్లేట్‌లెట్లు తక్కువ చూపిస్తే అదే నమ్మెయ్యకండి. కణాలు గుంపులుగా అంటుకుపోయినా మిషన్ తక్కువే చూపిస్తుంది, స్లైడు మీద కంటితో చూడండి. కిట్‌లో గీత రాలేదని జబ్బు లేదని రాసెయ్యకండి. మొదటి రోజుల్లో యాంటీబాడీలు తయారవవు, కిట్‌కి దొరకదు. అనుమానముంటే రక్తంలో ఆ బాక్టీరియా జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్షకి పంపించండి, లేదా రెండు వారాలాగి మళ్లీ చెయ్యండి. ఎవరైనా "ఇంజక్షన్ చెయ్యండి చాలు" అంటే, ఎందుకు చాలదో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. వింటారు. మన జనం చెప్తే వింటారు, చెప్పేవాళ్లే తక్కువ.

ఇక పెంచుకునే మనం. డాక్టరుగారి గది నుంచి బయటికొచ్చేటప్పుడు "ఏ జబ్బు అనుకుంటున్నారండీ? ఈ మందు దేనికి?" అని అడగండి. మర్యాదగా అడగండి, తప్పకుండా అడగండి. కాగితం మీద రాయించుకోండి. ఇంజక్షన్‌కి తగ్గిన జ్వరం మళ్లీ వస్తే రెండో ఇంజక్షన్‌కి ఒప్పుకోకండి, రక్తపరీక్ష చెయ్యమని మీరే అడగండి. ముక్కు చల్లగా ఉంది కదా, జ్వరం లేదనుకోకండి. దానికీ దీనికీ సంబంధం లేదు. థర్మామీటర్ కొనుక్కోండి. కుక్కకి నూట రెండున్నర దాకా మామూలే. మనింట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి వెయ్యకండి, కుక్కకి విషమవుతాయి. నొప్పి మందుల్లో కొన్ని రక్తస్రావం ముప్పుని పెంచుతాయి కూడా.

గోమార్ల సంగతి. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మీ కుక్క ఒంటిమీద కనపడేవి మొత్తంలో కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, మంచం కోళ్లలో, కుక్క పడుకునే గోనెపట్టా మడతల్లో ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఆరు కాళ్లు, తర్వాత ఎనిమిది. ప్రతి దశలోనూ ఓసారి కుక్కనెక్కి రక్తం తాగుతుంది, దిగిపోతుంది, పెరుగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. కడుపునిండా తాగిన ఆడది గోడెక్కి పగుల్లో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. విశాఖ ఉక్క, చెమ్మ వాటికి కలిసొచ్చే వాతావరణం, మనకి సెలవు నెల అంటూ ఉండదు. ఒంటిమీద పౌడర్ చల్లి ఇల్లు వదిలేస్తే లాభం లేదు. నెలకోసారి, మూడు నెలలకోసారి ఇచ్చే మాత్రలొచ్చాయి, మెడ మీద వేసే చుక్కల మందులున్నాయి. మీ కుక్కకేది పనికొస్తుందో డాక్టరుని అడగండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ మాట ముందే చెప్పండి, కుక్కలకి వాడే పర్మెత్రిన్ మందు పిల్లిని చంపేస్తుంది. ఒంటిమీదున్నదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. గోళ్లతో చిదమొద్దు. కిరసనాయిలు పొయ్యొద్దు. మన నగరంలో చాలామంది రేబిస్ టీకా తేదీ మర్చిపోకుండా గుర్తుపెట్టుకుంటారు, జూలై 6న, జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం రోజున, పశువుల ఆసుపత్రి ముందు వరసలో నిలబడతారు. ఆ శ్రద్ధలో సగం గోమార్ల మీద పెడితే చాలు. ఎర్లీకియాకి టీకా లేదు మరి.

నేను చెప్పాలనుకున్నవి ఇవేనండీ. ప్రశ్నలుంటే అడగమన్నారు.

మూడో వరసలో అమ్మాయి అడుగుతోంది: "మా ఊరు చోడవరం అవతల, మేడమ్. అక్కడ మైక్రోస్కోప్ లేదు, ల్యాబూ లేదు. ఏం చెయ్యాలి?"

మంచి ప్రశ్నమ్మా. మీ ఊళ్లో పశువుల డాక్టరుగారు ఉంటారు కదా, ఆయన చెవి అంచున సూదితో గుచ్చి ఒక బొట్టు గాజుపలక మీద పరిచి ఆరనివ్వొచ్చు. అది తొందరగా చెడిపోదు. ఆరాక కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టి ఊళ్లోకొచ్చే బస్సులో పంపించొచ్చు. రక్తం గడ్డకట్టనివ్వని ఊదారంగు మూత సీసాలో కొంచెం రక్తం కూడా తీసి, ఐసు ముక్కలున్న డబ్బాలో పెట్టి పంపాలి. ఐసు సీసాకి నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ పెట్టండి. అదే రోజు ల్యాబుకి చేరితే కణాల లెక్క సరిగ్గా వస్తుంది. మనుషుల ల్యాబులో ఇస్తే కుక్క రక్తమని ముందే చెప్పండి, కుక్కకి సరిపెట్టని మిషన్ అంకెలు తేడాగా రావొచ్చు. స్లైడు మాత్రం తప్పకుండా పశువైద్యులకే చూపించండి. ఆ రాత్రి చుక్కని చూసిన డాక్టరమ్మగారు ఇక్కడే ఉన్నారు, ఆవిడ స్లైడులెప్పుడు చూస్తారో సభ అయ్యాక వచ్చి కనుక్కో. ఇంకెవరైనా ఉన్నారా? అదిగో, ఆ నీలం చొక్కా బాబుకి మైకు ఇవ్వండి.